బెంగళూరులో పాత బట్టల వేటకు ఒక శని, ఆదివారం

బెంగళూరులో తక్కువ ధరకు దొరికే బట్టలు మూడు రకాలు. ఒకరు తొడిగి వదిలేసినవి, ఎగుమతికి కుట్టగా మిగిలినవి, పేరున్న బ్రాండు లేబుల్ తగిలించిన నకిలీలు. మూడూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే గుట్టలో కనిపిస్తాయి. మన్నిక మాత్రం దేనిది దానిదే. చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోకుండా బేరానికి దిగితే, ధర సగానికి తగ్గించినా నష్టమే.

పని ఇంట్లోనే మొదలవ్వాలి. బాగా కుదిరిన చొక్కా ఒకటి తీసి మంచం మీద పరిచి టేపుతో కొలవాలి: భుజం కుట్టు నుంచి భుజం కుట్టు వరకు, ఒక చంక నుంచి రెండో చంక వరకు, పొడవు, చేతి పొడవు. ప్యాంటుకైతే నడుము, తొడ, లోపలి కాలు పొడవు, నడుం పట్టీ నుంచి కాళ్లు కలిసేచోటి వరకు. ఇవి ఫోన్‌లో రాసుకుని, మడత టేపు ఒకటి జేబులో వేసుకోవాలి. గుట్టల దగ్గర ట్రయల్ రూము ఉండదు, లేబుల్ మీది సైజును నమ్మలేం. బ్రిటన్ 10, అమెరికా 6, యూరప్ 38 దాదాపు ఒకటే సైజు. పైగా ఉతికి ఉతికి కుంచించుకుపోయిన బట్ట పాత సైజే చెబుతుంది.

రెండో పని, బీరువాలో ఎక్కువసార్లు చేతికొచ్చే ఐదు బట్టలు బయటికి తీయడం. వాటి కాలర్లు, రంగులు, పొడవులు చూస్తే మన అభిరుచి తెలిసిపోతుంది. కొత్తగా కొనేది ఆ ఐదింటిలో కనీసం మూడింటితో జత కుదరాలి. మంగళగిరి కుర్తాలు ఎక్కువ వేసుకునేవారికి సాదా లినెన్ ప్యాంటు ఉపయోగపడినంతగా అచ్చుబొమ్మల టీషర్టు ఉపయోగపడదు. ఊరి ఎండ కూడా లెక్కలోకి రావాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, సాయంత్రం డెనిమ్ జాకెట్ హాయిగా ఉంటుంది. అదే జాకెట్ గుంటూరులో ఏడాదికి పది రోజులు బయటికొస్తే గొప్ప.

బసకు మెజెస్టిక్ పక్కన గాంధీనగర్ అనుకూలం. గదులు చిన్నవి, రాత్రి కూడా రోడ్డు చప్పుడు ఉంటుంది. అయినా ఆకుపచ్చ, ఊదా మెట్రో లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి. అక్కడి నుంచి చిక్కపేట మొదటి స్టేషన్, ఎంజీ రోడ్ నాలుగోది. అద్దె మాట్లాడేటప్పుడు చెక్‌అవుట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కా అని, వేడినీళ్లు ఎప్పటివరకు వస్తాయని ముందే అడగాలి. కిటికీ ఉన్న గది తీసుకోవడం మేలు, పాత బట్టల సంచి వాసన తక్కువేమీ కాదు. చర్చి స్ట్రీట్ వైపు గదులు ఖరీదు, కానీ సాయంత్రపు నడకకు ఆ చోటు బాగుంటుంది. మన భోజనం కావాలంటే అక్కడే భీమాస్, రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉన్నాయి.

శనివారం బ్రిగేడ్ రోడ్, కమర్షియల్ స్ట్రీట్‌లకు కేటాయించాలి. ఇక్కడి చిన్న దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఎగుమతి మిగులు. పీణ్య, బొమ్మనహళ్లి, మైసూరు రోడ్డు వైపు ఫ్యాక్టరీలు తిరస్కరణకు పోయే ముక్కలను లెక్కేసి ఆర్డరు కంటే కొంచెం ఎక్కువ కుడతాయి. ఆ మిగులే ఇటు వస్తుంది. మెడ దగ్గరి బ్రాండు లేబుల్‌ను సగానికి కత్తిరించి ఉండటమో, దాని మీద మార్కర్ గీత ఉండటమో గుర్తు. పక్క కుట్టులో ఉతుకు సూచనల లేబుల్ నాలుగైదు భాషల్లో ఉంటుంది, అమెరికాకు వెళ్లాల్సినదైతే అక్కడి ప్రభుత్వం బట్టల కంపెనీలకు ఇచ్చే ఆర్‌ఎన్ నంబరు కూడా ఉండొచ్చు. బ్రాండు గుర్తు పెద్దదిగా ఉండి, లోపల నూలు శాతం చెప్పే లేబులే లేకపోతే అది నకిలీ అనుకుని ధర కట్టడం మంచిది.

మిగులు సరుకులో లోపం ఎక్కడో ఉండొచ్చు, ఆ లోపంతో బతకగలమా అన్నదే ప్రశ్న. చొక్కా చేతులకూ మిగతా భాగానికీ రంగులో తేడా ఉందేమో గుమ్మం బయట పగటి వెలుగులో చూడాలి. పసుపుపచ్చ బల్బు కింద అది తెలియదు. టీషర్టు పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగి ఉంటే వదిలేయాలి, ఉతికే కొద్దీ ఇంకా మెలితిరుగుతుంది. కుట్టు ఒకచోట తప్పడం, గుండీ ఊడటం లాంటివి చిన్న మరమ్మతులు. పక్కనే ఇబ్రహీం సాహెబ్ స్ట్రీట్‌లో గుండీలు, లేసులు, దారాలు దొరుకుతాయి. మామూలు చొక్కా గుండీ, గుండీల సైజు చెప్పే కొలతలో 18 లైన్, అంటే సుమారు 11.5 మిల్లీమీటర్లు. డజను ఒకే రకంవి తీసుకుని అన్నీ మార్చేస్తే పాత చొక్కాకు కొత్త కళ వస్తుంది.

ఆల్ట్రేషన్‌కు కూడా శనివారమే ఇచ్చి, ఆదివారం దుకాణం తెరుస్తారో లేదో అడిగి పెట్టుకోవాలి. పొడవు తగ్గించడం, నడుము అంగుళం లోపలికి పట్టడం, పక్కలు బిగించడం తేలిక. భుజం దించడం మాత్రం చొక్కా మొత్తం విప్పి కుట్టినంత పని. రెడీమేడ్ కుట్టుల లోపల సెంటీమీటరు గుడ్డ కూడా మిగలదు కాబట్టి బిగుతైనదాన్ని వదులు చేయలేరు. భుజం సరిపోయి మిగతాది వదులుగా ఉన్నదే కొనాలి. జీన్స్ పొడవు తగ్గించేటప్పుడు పాత అంచే ఉంచి కుట్టమని చెప్పాలి. ఆ కూలి కలుపుకున్నాకే ధర చవకో కాదో తేలుతుంది. 300 చొక్కాకు 150 ఆల్ట్రేషన్ అయితే అది 450 చొక్కా.

ఆదివారం పొద్దున్నే సండే బజార్. చిక్కపేట, బీవీకే అయ్యంగార్ రోడ్డు వైపు దుకాణాలు మూసి ఉండే రోజు, రోడ్డు అంచంతా గుట్టలు పోస్తారు. నిజమైన పాత బట్టలు ఇక్కడే. ఆదివారం మెట్రో ఉదయం 7కి మొదలవుతుంది, ఎండెక్కేలోపే పని ముగించాలి. చిల్లర నోట్లు తీసుకెళ్లాలి, పర్సు ముందు జేబులో ఉండాలి. తెలుగు అర్థం చేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. అయినా ‘ఎష్టు’ (ఎంత), ‘కడిమె మాడి’ (తగ్గించండి) అన్న రెండు కన్నడ మాటలు బేరాన్ని మెత్తబరుస్తాయి. ఒక్కోటి కాక మూడు కలిపి ధర అడిగితే ఎక్కువ తగ్గుతుంది.

చేతికొచ్చినదాన్ని ముందు ఆకాశం వైపు పట్టి చూడాలి. పురుగు కొట్టిన చిల్లులు, ప్యాంటు తొడల మధ్య పలచబడిన చోటు అలాగే కనిపిస్తాయి. తర్వాత చంకలు, కాలర్ లోపలి మడత, కఫ్‌లు. ఎలాస్టిక్‌ను చెవి దగ్గర సాగదీస్తే చిటపటమంటే లోపలి రబ్బరు చచ్చిపోయినట్టే. రెక్సిన్ జాకెట్లు అసలు వద్దు, గాలిలో తేమకు పై పూత పొలుసులుగా రాలిపోతుంది, సముద్రతీరపు ఊళ్లలో మరీ త్వరగా. బూట్ల అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. ఏళ్లతరబడి నిలవున్న ఫోమ్ రెండో రోజుకే పొడి అవుతుంది. ఎంచుకోవాల్సినవి మందపాటి కాటన్ చొక్కాలు, లినెన్, సాగని డెనిమ్, ఉన్ని.

జయనగర్ నాలుగో బ్లాకు పేవ్‌మెంట్లు కాటన్ కుర్తాలకు, పిల్లల బట్టలకు బాగుంటాయి, సగం పూట చాలు. మారతహళ్లి అవుట్‌లెట్లలో దొరికేది గడిచిన సీజన్ కొత్త సరుకు, ట్రాఫిక్‌లో అంతదూరం పాత బట్టల కోసం వెళ్లనక్కర్లేదు.

కొన్నవాటిని గదిలో మంచం మీద పెట్టకుండా, మూతి కట్టిన ప్లాస్టిక్ కవర్లోనే ఇంటికి చేర్చాలి. నల్లుల భయం ఉత్తది కాదు. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూశాక, కాటన్ బట్టలను మెషిన్‌లో 60 డిగ్రీలకు ఉతకాలి. వాసన పోకపోతే అర బకెట్ నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టాలి. అందులో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఉన్నిని కవర్లో చుట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి నీడలో పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేలాడదీస్తే ఆ బరువుకు సాగి మోకాళ్ల దాకా దిగుతుంది.