పచ్చగా వచ్చిన రిపోర్టులో ఏముంది? జేయూనిట్‌పార్సర్ చాలాకాలం వాడాక

మాది నెల్లూరులో చిన్న టీమ్. రొయ్యల రైతులకూ కొనుగోలుదారులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం: మేత ఖాతా, కౌంట్‌ను (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) బట్టి రేటు, పట్టుబడి రోజు బిల్లు. సర్వర్ పైథాన్‌లో ఉంది, పాత బిల్లింగ్ భాగం ఇంకా జావాలోనే ఉంది. రాత్రిపూట టెస్టులన్నీ నడుస్తాయి, పొద్దున్నే గ్రూపులోకి ఒక మెసేజ్ వస్తుంది: అన్నీ పాసైతే పచ్చగా, లేకపోతే ఎర్రగా. ఆ మెసేజ్ తయారుచేసే స్క్రిప్టులో టెస్టు ఫలితాల రిపోర్టు ఫైళ్లు (జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్) చదివే పని జేయూనిట్‌పార్సర్ అనే పైథాన్ లైబ్రరీది. ఉచితం, అపాచీ లైసెన్స్, పిప్‌తో ఒక్క లైన్లో దిగుతుంది. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కులోనూ సగం పాపం లైబ్రరీది కాదు, ఆ ఫైల్ ఫార్మాట్‌ది.

జావా కోడ్‌ను పరీక్షించే జేయూనిట్‌ను 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా రాశారు. ఇవాళ మనం జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ అంటున్నది మాత్రం వాళ్లు పెట్టిన ప్రమాణం కాదు. ఆంట్ అనే బిల్డ్ టూల్ ఫలితాలను ఫైల్లో రాసుకున్న తీరు అది. మిగతా టూల్స్ దాన్నే చూసి, తలా ఒక మార్పు చేసుకుని రాయడం మొదలుపెట్టాయి. అందరూ కట్టుబడే స్కీమా (ఫైల్లో ఏది ఎలా ఉండాలో చెప్పే నియమావళి) అంటూ ఏదీ లేదు. జావా బిల్డ్ టూల్ మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ క్లాసుకో ఫైలు రాస్తుంది, అందులో అన్నిటికన్నా పై ట్యాగ్ టెస్ట్‌సూట్, అంటే టెస్టు కేసుల గుంపు. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ 5.1 నుంచి దాని పైన టెస్ట్‌సూట్స్ అనే ఇంకో ట్యాగ్ వేస్తోంది. జేయూనిట్‌పార్సర్ రెండిటినీ చదువుతుంది. కానీ మొదటి రకం ఫైలిస్తే ఒక సూట్ ఆబ్జెక్టు, రెండో రకం ఇస్తే సూట్లన్నీ ఉన్న ఆబ్జెక్టు తిరిగి ఇస్తుంది. ఒకే లూప్ తిప్పితే ఒకచోట కేసులు, ఇంకోచోట సూట్లు చేతికొస్తాయి. టైపు చూసుకుని దారి మార్చే రెండు లైన్లు మనమే రాసుకోవాలి.

ఇంతమాత్రానికి లైబ్రరీ ఎందుకు, పైథాన్‌లోనే ఉండే ఎక్స్‌ఎంఎల్ మాడ్యూల్ ఎలిమెంట్‌ట్రీతో చేత్తో రాసుకోవచ్చుగా అని చాలామంది అంటారు. రాసుకోవచ్చు. కాకపోతే అందులో ఒక గుంట ఉంది. కేసు లోపల ఫెయిల్యూర్ ట్యాగ్ కోసం ఫైండ్ పిలిచి, వచ్చినదాన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టారనుకోండి. ట్యాగ్ దొరికినా సరే, దాని లోపల పిల్ల ట్యాగులు లేకపోతే పైథాన్ దాన్ని ఫాల్స్ కింద లెక్కేస్తుంది. ఫెయిల్యూర్ ట్యాగ్‌లో మామూలుగా ఉండేది ఉత్త టెక్స్టే. అంటే ఫెయిలైన ప్రతి టెస్టూ పాస్ కింద జమ అవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. వచ్చింది నన్ (None, అంటే ఏమీ దొరకలేదు) కాదా అని పోల్చి చూడటమే సరైన పద్ధతి. పైథాన్ 3.12 నుంచి ఇలా రాస్తే హెచ్చరిక వస్తోంది గానీ, రాత్రి నడిచే జాబ్ లాగ్‌లో హెచ్చరికలు ఎవరు చదువుతారు? నా లెక్కలో ఈ లైబ్రరీ పెట్టుకోవడానికి ఇదొక్కటే చాలు.

చదవడం దాని పని, అర్థం చెప్పుకోవడం మన పని. ఫెయిల్యూర్, ఎర్రర్ అని రెండు మాటలుంటాయి. జావా వైపు అసర్షన్ (ఫలితం ఇలా ఉండాలని టెస్టులో రాసిన షరతు) తప్పితే ఫెయిల్యూర్, ఊహించని ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్ నడుస్తూ తలెత్తే లోపం) వస్తే ఎర్రర్. పైటెస్ట్‌లో అలా కాదు. టెస్టు లోపల ఏ ఎక్సెప్షన్ వచ్చినా ఫెయిల్యూరే. టెస్టుకు ముందు ఫిక్స్చర్ (టెస్టు నడవడానికి కావాల్సిన ఏర్పాటు) సిద్ధం చేసేటప్పుడో, తర్వాత సర్దేటప్పుడో తేడా వస్తేనే ఎర్రర్. మా దగ్గర 42 కౌంట్‌కు రేటు 40కీ 50కీ మధ్యలో లెక్కగట్టే టెస్టు ఒకటుంది. లెక్క తప్పితే ఫెయిల్యూర్, అది మేం దిద్దుకోవాల్సిందే. డేటాబేస్ లేవకపోతే అదే టెస్టు ఎర్రర్ అని వస్తుంది, ఎందుకంటే కనెక్షన్ మేం ఫిక్స్చర్‌లో తెరుస్తాం. డిసెంబరు వానలకు కరెంటు పోయి వచ్చిన రాత్రి మెసేజ్ నిండా ఎర్రర్లే ఉంటాయి. అవి చూసి కోడ్ తెరవాల్సిన పనిలేదు, మెషీన్ చూస్తే చాలు. కనెక్షన్‌ను టెస్టు లోపలే తెరిచే టీముకు ఈ తేడా అసలు కనిపించదు. స్కిప్ అయినవాటినీ అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. ఫెయిలవుతుందని ముందే గుర్తుపెట్టిన టెస్టును కూడా పైటెస్ట్ స్కిప్ ట్యాగ్‌తోనే రాస్తుంది, టైప్‌లో మాత్రం ఎక్స్‌ఫెయిల్ అని ఉంటుంది. కావాలని పక్కన పెట్టినవీ, తెలిసిన బగ్గులూ వేరువేరుగా కావాలంటే ఆ టైప్ చూడాలి.

అన్నిటికన్నా ప్రమాదం ఏమీ నడవని రాత్రి. ఒకరోజు మా టెస్టర్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, అంతా పచ్చంగా ఉండాది, రిలీజ్ ఇచ్చేద్దామా?" అన్నాడు. "మొత్తం టెస్టులెన్నో చెప్పబ్బయ్యా" అంటే ఒక క్షణం ఆగి, "సున్నా అన్నా" అన్నాడు. ఎవరో ఫోల్డర్ పేరు మార్చారు, పైటెస్ట్‌కు టెస్టులే దొరకలేదు. ఫెయిల్యూర్లు సున్నా, ఎర్రర్లు సున్నా, మెసేజ్ పచ్చన. వలే వెయ్యకుండా చెరువులో జబ్బు రొయ్య ఒక్కటీ లేదని చెప్పినట్టు. ఇలాంటప్పుడు పైటెస్ట్ 5 అనే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) ఇస్తుంది, కొన్ని టెస్టులు ఫెయిలైతే 1, మధ్యలో ఆపేస్తే 2. కానీ లాగ్ కోసం కమాండ్ అవుట్‌పుట్‌ను పైప్ పెట్టి టీ (tee) అనే ఇంకో కమాండుకు పంపితే, పైప్‌ఫెయిల్ ఆప్షన్ సెట్ చేయని బాష్ షెల్‌లో ఆ కోడ్ మనదాకా రాదు. ఇంకో సంగతి: పైటెస్ట్ ఈ ఎక్స్‌ఎంఎల్‌ను సెషన్ చివర్లోనే రాస్తుంది. మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే కొత్త ఫైలు ఉండదు, నిన్నటిది అక్కడే ఉంటుంది. లైబ్రరీ దాన్ని చక్కగా చదివి పెడుతుంది. అందుకని మా స్క్రిప్టు ముందు పాత ఫైళ్లు తుడిచేస్తుంది, తర్వాత టైమ్‌స్టాంప్ చూస్తుంది, మొత్తం సంఖ్య నిన్నటికంటే బాగా తగ్గితే మెసేజ్‌ను ఎర్రగా పంపుతుంది. ఈ విషయంలో పెర్ల్‌తోపాటు 1987లో పుట్టిన ట్యాప్ (TAP) అనే టెస్టు ఫలితాల ఫార్మాటే నయం. ఒకటి నుంచి ఇన్ని టెస్టులు అని అందులో ప్లాన్ లైన్ ఉంటుంది, లెక్క తగ్గితే అక్కడే పట్టుబడుతుంది. జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్‌లో అలాంటిదేమీ లేదు.

తెలుగులో పని చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక చికాకు. మా టెస్టులకు ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు అని మండలాల పేర్లు తెలుగులోనే పారామీటర్లుగా ఇస్తాం. రిపోర్టులో అవి బ్యాక్‌స్లాష్‌లూ యూనికోడ్ అంకెలూ అయి కూర్చుంటాయి, ఏ ఊరిది ఫెయిలైందో తెలియదు. ఇది పార్సర్ చేసే పని కాదు, పైటెస్టే అలా మార్చి రాస్తుంది. మార్చకుండా ఆపే సెట్టింగ్ ఉంది గానీ, దాని పేరే ఒక వాక్యమంత: టెస్ట్ ఐడీలను మార్చడం ఆపుతున్నాను, కమ్యూనిటీ సాయం కోరే హక్కులన్నీ వదులుకుంటున్నాను అని దాని అర్థం. నిజంగానే ఆ పేరుతోనే ఉంది. మేం హక్కులు వదులుకున్నాం, పేర్లు చక్కగా వస్తున్నాయి.

ఇక చిన్నవి. టెర్మినల్ నుంచే మెర్జ్ కమాండుతో ఫైళ్లు కలుపుకోవచ్చు, వెరిఫై కమాండు ఫెయిలైనవి ఉంటే సున్నా కాని కోడ్ ఇస్తుంది, రెండూ బాగా పనికొస్తాయి. రెండో వెర్షన్‌లో కేసు ఫలితం జాబితాగా మారింది. అంతకుముందు రాసిన స్క్రిప్టులు అక్కడ విరుగుతాయి, వెర్షన్ నంబరు కట్టేసి ఉంచుకోండి. టెస్టు ఫలితాలకు గో భాష వాళ్లకు సొంత జేసన్ వరుసలు, డాట్‌నెట్ వాళ్లకు టీఆర్ఎక్స్ ఫైళ్లు ఉన్నాయి. వాటిని నేరుగా ఇది చదవదు.

ష్యూర్‌ఫైర్‌లో ఫెయిలైన టెస్టును మళ్లీ నడిపే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. మొదటిసారి పడి రెండోసారి పాసైన కేసులో ఫ్లేకీఫెయిల్యూర్ అనే ట్యాగ్ ఉంటుంది. లైబ్రరీని మామూలుగా ఇంపోర్ట్ చేస్తే ఆ ట్యాగ్ దానికి ఫలితం కింద లెక్కకు రాదు, పాస్ అంటుంది. అందులోనే ఉన్న ఎక్స్‌యూనిట్2 మాడ్యూల్ నుంచి ఇంపోర్ట్ చేస్తే విడిగా అడిగి తెచ్చుకోవచ్చు. మేం అలా మార్చుకుని, అటూ ఇటూ ఊగే టెస్టులకు మెసేజ్‌లో వేరే వరుస పెట్టుకున్నాం. బిల్లు ప్రింటు టెస్టు వారంలో సగం రోజులు ఆ వరుసలోనే ఉంటోంది, దాన్ని దిద్దే పని ఈ నెల నా నెత్తిన పడింది.