గీత అందింది, మెరుపు అందలేదు

బరంపురం గిరి రోడ్డు పక్క సందులో, పాత చిత్రాలను అచ్చువేసి ఫ్రేము కట్టి ఇచ్చే చిన్న దుకాణంలో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ పుస్తకంలోని హమ్మింగ్‌బర్డ్ చిత్రం ఒకటి చేయించాను. కెంపు రంగు తల, పుష్యరాగపు గొంతు ఉన్న పిట్ట. ఫ్రేముతో కలిపి 900 రూపాయలు.

గీతకు వంక పెట్టలేను. ఈకల అంచులు, ఆకుల ఈనెలు, చివరికి కాలిగోళ్లు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. కాగితం మందంగా ఉంది. గాజుకూ కాగితానికీ మధ్య మౌంటు అట్ట వేశారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో వానాకాలం వస్తే కాగితం గాజుకు అంటుకుపోతుంది కాబట్టి, ఆ అట్ట లేకుండా ఎవరూ ఒప్పుకోవద్దు.

బాధంతా గొంతు దగ్గరే. పుష్యరాగం ఉండాల్సిన చోట ఆవపిండి రంగు మచ్చ ఉంది. 1849 నుంచి 1861 వరకు ఐదు సంపుటాల్లో 360 చిత్రాలు వేయించిన గూల్డ్, ఈ మెరుపు కోసమే బంగారు రేకు అతికించి, దాని మీద పారదర్శకమైన రంగులు, వార్నిషు పూయించాడు. పుట కాస్త వంచితే మెరవాలి. స్కానరు ఒక్క కోణంలోనే చూస్తుంది, ఇక మెరుపు ఎక్కడిది?

మాది పట్టు నేసే ఇల్లు. నెమలికంఠం రంగు చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. మడత కదిలితేనే రెండూ పలుకుతాయి, ఫోటోలో చీర చచ్చినట్టు ఉంటుంది. ఈ పిట్టదీ అదే తీరు. ఆ మెరుపు రంగు పదార్థానిది కాదు, ఈకలోని అతి సన్నని పొరల మీద వెలుగు ఆడే ఆట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన మందారాల మీద వాలే తేనెపిట్టలు వేరు. గూల్డ్ కూడా 1857లో అమెరికా వెళ్లాకే ప్రాణమున్న హమ్మింగ్‌బర్డ్‌ను చూశాడు. అంతవరకు ఎండబెట్టిన చర్మాలే ఆధారం. అయినా ఆ రెక్కల విరుపులో ఎంత ప్రాణమో!

ఈ దుకాణంలోనే శుభలేఖల మీద బంగారు రేకు అచ్చు వేస్తారు. తల, గొంతు మేరకు ఆ రేకు వేసి, పైన పలచగా రంగు ఇవ్వమని అడిగాను. నమూనా చేసి చూపిస్తామన్నారు. ఇంకో 300 అడిగినా ఇస్తాను. అది వచ్చేదాకా కొనేవాళ్లు మెరుపు లేని గోధుమరంగు జాతుల చిత్రాలు అడగండి. వాటికి ఈ అచ్చు చక్కగా సరిపోతుంది.