మహారాణిపేటలో ఒక బయాప్సీ ల్యాబు: స్లైడుకు మంచి మార్కులు, కౌంటరుకు తక్కువ

విశాఖలో కేజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) చుట్టుపక్కల వీధుల్లో రక్తపరీక్షల బోర్డులకు కొదవ లేదు. ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోసి, పలుచగా కోసి, స్లైడు చదివి చెప్పే ల్యాబులు అంతకన్నా చాలా తక్కువ. మహారాణిపేటలో అలాంటి ఒకదాని గురించే ఇది. పేరు రాయడం లేదు, కింద చెప్పిన లోపాలు ఈ ఒక్క చోటివే కావు కాబట్టి. అపెండిక్సో గాల్‌బ్లాడరో అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. అరుదైన జబ్బు అనుమానం ఉన్న ముక్కను ఇక్కడికి పంపొచ్చా అన్నదే ప్రశ్న.

లోపల పని బాగుంది. అమిలాయిడ్ (అవయవాల్లో పేరుకునే చెడు ప్రొటీను) అనుమానం అని రాసి పంపితే, దాన్ని పట్టే కాంగో రెడ్ రంగు కోసం ముక్కను 8 నుంచి 10 మైక్రాన్ల మందంలో కోస్తున్నారు. మామూలు స్లైడుకు కోసే 3, 4 మైక్రాన్ల మందంలోనే దీన్నీ కానిస్తే పోలరైజ్డ్ కాంతిలో ఆపిల్ పచ్చ రంగు సరిగా కనపడక, ఉన్న జబ్బు లేదని రావచ్చు. పక్కన పోల్చి చూసేందుకు, జబ్బు ఉందని ముందే తెలిసిన కంట్రోల్ స్లైడు కూడా పెడుతున్నారు. అమిలాయిడ్ ఏ ప్రొటీనుదో తేల్చే సదుపాయం తమ దగ్గర లేదని, బ్లాకు (మైనంలో పోసిన ముక్క దిమ్మ) బయటికి పంపమని రిపోర్టులోనే రాస్తారు. ఏఎల్ రకానికీ ట్రాన్స్‌థైరెటిన్ రకానికీ వైద్యం పూర్తిగా వేరు కాబట్టి ఆ ఒక్క వాక్యం విలువైనది. ఎముక మూలుగలో నలిగిన పలుచని కాగితం లాంటి కణాలు కనపడినా గాషే అనే జన్యు జబ్బని తేల్చేయకుండా, రక్తంలో గ్లూకోసెరెబ్రోసైడేజ్ ఎంజైమ్ చూడమంటారు. కొన్ని రక్త క్యాన్సర్లలోనూ అచ్చం అలాంటి కణాలే వస్తాయి మరి.

చిక్కంతా కౌంటరు దగ్గర. ఏ ముక్కని అడిగే నాథుడు లేడు. అడిగిన వాళ్లందరికీ ఒకటే ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) డబ్బా చేతికిస్తారు. కండరం ముక్క ఫార్మలిన్‌లో పడిందంటే ఎంజైములు చచ్చిపోతాయి, మైటోకాండ్రియా జబ్బుల పరీక్ష అక్కడితో సరి. దాన్ని సెలైన్‌తో తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డలో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి, ఐసు నేరుగా తగలకుండా కొన్ని గంటల్లో చేర్చాలి. ల్యాబులో లిక్విడ్ నైట్రోజన్‌తో సుమారు మైనస్ 160 డిగ్రీలకు చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ముంచి గడ్డ కట్టిస్తారు. చెడిపోకూడదని ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చేవాళ్లున్నారు. మెల్లగా గడ్డ కట్టిన కండరంలో ఐసు స్ఫటికాలు పెరిగి, స్లైడంతా జల్లెడే.

కిడ్నీ బయాప్సీకి మూడు డబ్బాలు కావాలి: ఫార్మలిన్ ఒకటి, ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు (మెరిసే రంగులతో యాంటీబాడీలను చూసే పరీక్ష) మిషెల్ ద్రవం ఒకటి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు గ్లూటరాల్డిహైడ్ ఒకటి. కిడ్నీని దెబ్బతీసే ఆల్పోర్ట్, ఫాబ్రీ లాంటి జన్యు జబ్బులు అనుమానిస్తూ మూడోది వదిలేస్తే ముక్క తీయడంలో అర్థం సగం పోయినట్టే. గౌట్ స్ఫటికాలు చూడాలంటే ముక్కను ఆల్కహాల్‌లో వేయాలి, నీళ్లున్న ఫార్మలిన్‌లో అవి కరిగిపోతాయి. కణాల్లో కొవ్వు చూడాలంటే ఫ్రోజెన్ ముక్కే ఉండాలి, మైనంలో పోసే ముందు వాడే జైలీన్ కొవ్వును కరిగించేస్తుంది. ఇవేవీ ఆ కౌంటరులో చెప్పరు. ఫారంలో జబ్బు వివరాలకు ఉన్నది ఒకే ఒక్క గీత.

ఇక ఫార్మలిన్ సంగతి. ల్యాబు ఇచ్చే డబ్బాలో ఉన్నది సరైన బఫర్డ్ ఫార్మలినే, అంటే ఆమ్లం పెరగకుండా లవణాలు కలిపినది. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో మాత్రం 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న ఫార్మలిన్‌లో కుళాయి నీళ్లు కలిపి పంపుతారు. ఆమ్లం పెరిగి, రక్తం ఎక్కువున్న ముక్కల్లో నల్లటి గోధుమ రంగు రేణువులు పేరుకుంటాయి. చూడ్డానికి మలేరియా పిగ్మెంట్‌లాగే ఉంటాయి. పాడేరు, అరకు ఏజెన్సీ నుంచి వచ్చిన ప్లీహం ముక్కలో ఇవి కనపడితే చదివేవాళ్ల తిప్పలు చెప్పనక్కర్లేదు. సరైన పాళ్లివి: 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, నీరు లేని డైబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ద్రవం ముక్కకు కనీసం పది రెట్లుండాలి. ప్లీహం లాంటి పెద్ద అవయవాన్ని కోయకుండా డబ్బాలో కుక్కితే, ద్రవం లోపలికి చేరేలోగా మధ్య భాగం కుళ్లుతుంది. మన ఉక్కపోతలో ఇంకా త్వరగా. పేరు డబ్బా మీద రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

శవపరీక్షల్లో ఇక్కడ గర్భస్థ శిశువులకే చేస్తారు, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతితో. పోలీసు కేసులకు ఈ ల్యాబుతో సంబంధం లేదు, వాటి దారి ప్రభుత్వాసుపత్రికి. శిశువును 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, గడ్డ కట్టించకూడదు, మొత్తంగా ఫార్మలిన్‌లో ముంచకూడదు. ముందు స్టెరైల్‌గా చిన్న చర్మం ముక్క తీసి కల్చర్ మీడియంలో పెట్టాలి. ఫార్మలిన్ డీఎన్ఏను తునకలు చేస్తుంది, కణాలు పెరగనివ్వదు. ఎముకల జబ్బులకు ఒళ్లంతా ఎక్స్‌రే తప్పనిసరి, ఇక్కడ ఆ యంత్రం లేదు, బయట తీయించుకుని రావాలి. మాయను పారేయకండి, స్కాన్ రిపోర్టులు మరవకండి. పరీక్ష మాత్రం శ్రద్ధగా చేస్తున్నారు, ప్రతి దశకూ ఫొటో ఉంటుంది. మళ్లీ గర్భం దాల్చేముందు జన్యు సలహా ఇచ్చేవాళ్లు మొదట అడిగేది ఈ కాగితాలే.

కాంగో రెడ్ లాంటి స్పెషల్ స్టెయిన్లకు బిల్లు వేరు, ముందే అడగండి. బ్లాకులు, స్లైడ్లు అడిగిన రోజే ఇస్తారు, ఇది పెద్ద మెచ్చుకోలు విషయం. జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల వరకు వచ్చే సాయానికి కేంద్రం గుర్తించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ద్వారానే వెళ్లాలి. అలాంటిది హైదరాబాదులో ఒకటుంది, నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ కలిసి నడిపేది. అక్కడ బ్లాకులు అడగొచ్చు. తీసుకెళ్లేటప్పుడు ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, ఆ మైనం 56 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది.

స్లైడుకు 5కు 4, కౌంటరుకు 5కు 2. కండరం, కిడ్నీ ముక్కలైతే ముందురోజే ఫోన్ చేసి పాథాలజిస్టుతోనే మాట్లాడి ఏ డబ్బాలో వేయాలో అడగండి. శనివారం మాత్రం తీయించకండి, ఆదివారం డబ్బా తెరిచేవాళ్లు ఉండరు.