కొత్త డీజిల్ పికప్‌కి ఏ ఆయిల్ మేలు: సీఐ-4 ప్లస్, సీకే-4, లేక 5డబ్ల్యూ-30 సింథటిక్?

కొత్త పికప్ తీసుకున్నవాళ్ళు ఫ్రీ సర్వీసులు అయిపోగానే అడిగేది ఒకటే. "షోరూంలో పోసే ఆయిల్ రేటెక్కువ. మా మెకానిక్ ఎప్పట్నుంచో వాడే 15డబ్ల్యూ-40 పోస్తానంటున్నాడు. పోయించుకోవచ్చా అన్నా?" ఇంకొందరు కొత్త బండి మీద ప్రేమతో, కారుకి పోసే ఫుల్ సింథటిక్ పోస్తే ఇంకా మంచిది కదా అంటారు. మా ఇంట్లో కూరగాయల లోడ్లకి ఈమధ్యే పికప్ తీసుకున్నాం కాబట్టి నేనూ ఈ లెక్కంతా వేసుకోవాల్సి వచ్చింది. కొత్త బండి అంటే ఇక్కడ 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండి. మహీంద్రా, టాటా, అశోక్ లేలాండ్, ఏదైనా సరే.

పోటీ మూడింటి మధ్య. మొదటిది షెడ్లలో ఎక్కువగా కనిపించే 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్. రెండోది అదే 15డబ్ల్యూ-40లో సీకే-4. మూడోది 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్, ఏసీఈఏ (యూరప్ వాహన తయారీదారుల సంఘం) సీ2 లేదా సీ3 అని రాసి ఉండేది.

డబ్బా ముందు పెద్దక్షరాల్లో 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. మొదటి రెండింటి మీదా అదే ఉండటంతో రెండూ ఒకటే ఆయిల్ అనుకుంటారు. ఆ అంకెలు ఆయిల్ చిక్కదనం మాత్రమే చెబుతాయి, డబ్ల్యూ ముందుది చలిలో, వెనకది వేడిలో. లోపల ఏముందో తెలియాలంటే డబ్బా వెనక్కి తిప్పి, చిన్నక్షరాల్లో ఉండే సీఐ-4, సీకే-4 అన్న నాణ్యత గ్రేడు చదవాలి. నా దృష్టిలో బీఎస్6 బండికి ఆయిల్ ఎంపిక అక్కడే తేలిపోతుంది. కారణం సైలెన్సర్ లైన్లో ఉండే డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్.

డీపీఎఫ్ పని ఇంజన్ వదిలే మసిని పట్టి ఉంచడం. నిండుతున్నకొద్దీ ఇంజన్ అదనంగా డీజిల్ కొట్టి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. మసి కాలిపోతుంది, ఇబ్బంది లేదు. కానీ ఇంజన్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా కాలుతూనే ఉంటుంది. ఆయిల్లో కలిపిన కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి మందులు కాలి బూడిదవుతాయి. పొయ్యిలో కట్టె ఎంత కాలినా బూడిద మిగిలినట్టే, ఏ రీజెనూ దాన్ని కాల్చలేదు. అది ఫిల్టర్ సందుల్లో పేరుకుంటుంది. విప్పి శుభ్రం చేసేటప్పుడు నల్లటి మసి కాకుండా లేత బూడిద రంగు పొడి రాలితే, అది చాలావరకు ఆయిల్ నుంచి వచ్చిందే. ఆ పొడి చోటు ఆక్రమించేకొద్దీ మసికి చోటు తగ్గి, రీజెన్లు దగ్గరదగ్గరగా వస్తాయి, మైలేజీ పడిపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు మాటిమాటికీ వెలుగుతుంది.

సీకే-4లో ఈ బూడిదకి 1.0 శాతం అని గట్టి హద్దు ఉంది. ఫాస్ఫరస్‌కి 0.12, సల్ఫర్‌కి 0.4 శాతం. సీఐ-4లో బూడిదకి అలాంటి హద్దు లేదు, 1.0 దాటి ఉండటం మామూలే. చిన్న లెక్క వేద్దాం. బండి వెయ్యి కిలోమీటర్లకి 100 మిల్లీలీటర్ల ఆయిల్ తాగుతుందనుకుంటే లక్ష కిలోమీటర్లకి 10 లీటర్లు, అంటే 9 కిలోలకి కాస్త తక్కువ. 1.0 శాతం ఆయిల్ అయితే అందులో బూడిద 87 గ్రాములు, 1.5 శాతంది అయితే 130 గ్రాములు. అంతా ఫిల్టర్‌కే చేరదు, బండి తాగే ఆయిలూ అన్నిటికీ ఒకేలా ఉండదు. అయినా రెండు ఆయిళ్ళ మధ్య తేడా ఎంతో ఈ అంకెల్లో కనిపిస్తుంది. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు, డబ్బా డబ్బాకీ మిగిలే ఆ కాస్త డబ్బు ఏ మూలకీ రాదు.

మీ మెకానిక్ మాటని తీసిపారేయకండి. ఆయన అనుభవం ఆయన కాలానికి నూటికి నూరుపాళ్ళు నిజం. బీఎస్3 రోజుల్లో డీజిల్లో సల్ఫర్ 350 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళు) దాకా ఉండేది, బీఎస్4లో 50. ఆ సల్ఫర్ కాలి ఇంజన్లో యాసిడ్ పుట్టేది, దాన్ని విరగ్గొట్టడానికి ఆయిల్లో కాల్షియం మందు దండిగా ఉండాల్సిందే. 2002లో వచ్చిన సీఐ-4 ఆ అవసరానికి సరిపోయిన ఆయిల్. ఇప్పుడు బంకులో పోసే డీజిల్లో సల్ఫర్ 10 పీపీఎం మించదు. యాసిడ్ తగ్గింది, అంత మందూ అక్కర్లేదు. అందుకే 2016 చివర్లో వచ్చిన సీకే-4 తక్కువ బూడిదతోనే నడిపించగలుగుతోంది, పైగా వేడికి త్వరగా చిక్కబడకుండా, నలిగి పలచబడకుండా తట్టుకుంటుంది. మీది డీపీఎఫ్ లేని బీఎస్3 బండి అయితే, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ అదే రాసి ఉంటే, సీఐ-4 ప్లస్ నిశ్చింతగా పోయించుకోండి. దానికి సీకే-4 కొనిపెట్టాల్సిన పని లేదు.

కొన్ని డబ్బాల మీద సీకే-4, సీజే-4, సీఐ-4 ప్లస్ అని వరసగా అన్నీ రాసి ఉంటాయి. కంగారు పడకండి, అది సీకే-4 ఆయిలే. కొత్త గ్రేడు పాత బండ్లకీ పనికొస్తుందని చెప్పడానికి అలా రాస్తారు. సీఐ-4 ప్లస్ దగ్గరే ఆగిపోయిన డబ్బా మాత్రం మీ బండికి వద్దు. పాత స్టాక్ సీజే-4 దొరికితే బూడిద హద్దు అందులోనూ 1.0 శాతమే, అవసరానికి పర్వాలేదు.

ఇక సీకే-4 15డబ్ల్యూ-40కీ 5డబ్ల్యూ-30కీ మధ్య పోటీ నిజంగా గట్టిది. ఇక్కడ ముందు మాట్లాడాల్సింది బండితో ఇచ్చిన పుస్తకం. అందులో ఒక్క గ్రేడే రాసి ఉంటే చర్చ లేదు, అదే పోయించండి. కొన్ని ఇంజన్లని పలచటి ఆయిల్ కోసమే తయారు చేస్తారు, వాటికి 15డబ్ల్యూ-40 పోసి ఏదో మేలు చేశామనుకోవద్దు. రెండూ ఒప్పుకుంటే మాత్రం మీ పని ఎలాంటిదో చూసుకోవాలి.

5డబ్ల్యూ అంటే గడ్డకట్టే చలిలో కూడా పారే ఆయిల్. 15డబ్ల్యూ ఆయిల్‌ని స్టార్టింగ్ కోసం పరీక్షించేదే మైనస్ 20 డిగ్రీల దగ్గర. మన లంబసింగిలో ఎంత వణికించే చలి పడినా సున్నా దగ్గరే ఆగుతుంది. కాబట్టి చలి కోసం 5డబ్ల్యూకి డబ్బు పెట్టాల్సిన అవసరం తెలుగు నేల మీద ఎక్కడా లేదు. మనకి టెన్షన్ మే నెలతోనే. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటిన ఎండలో టన్నున్నర లోడుతో వెళ్ళే బండికి, మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బండికి బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలబడాలి. నూరు డిగ్రీల దగ్గర 40 గ్రేడు చిక్కదనం 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది, 30 గ్రేడుది 9.3 నుంచి 12.5. గట్టి ఒత్తిడిలో పొర నిలబడే హెచ్‌టీహెచ్‌ఎస్ కొలతలో 15డబ్ల్యూ-40కి కనీసం 3.7 ఉండాలి, సీ3కి 3.5, సీ2కి 2.9 ఉన్నా చాలు. సీ3 పెద్దగా వెనకబడి లేదు, పైగా దాని బూడిద హద్దు 0.8 శాతమే. లోడు బండికి సీ2 మాత్రం, పుస్తకం అదే అడిగితే తప్ప, నేను పోయించను.

నాకు 40 వైపు మొగ్గు రావడానికి ఇంకో కారణం ఉంది. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి చుట్టుపక్కల కాలనీలకి తిరిగే బండిని తీసుకోండి. ఐదారు కిలోమీటర్లు వెళ్ళడం, ఇంజన్ ఆపడం, మళ్ళీ స్టార్ట్ చేయడం. రీజెన్ మొదలవుతుంది, పూర్తవకుండానే ఆగిపోతుంది. అలా జరిగినప్పుడల్లా రీజెన్ కోసం కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్లో కలుస్తుంది. పొద్దున్నే చదునైన చోట ఆయిల్ గేజ్ కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూడండి. ఆయిల్ గీత పై గుర్తు దాటి ఉంటే, వేలికి రాసుకుంటే డీజిల్ వాసన కొడితే, కలిసినట్టే. "ఆయిల్ అస్సలు తగ్గట్లేదు, ఇంజన్ సూపర్" అని సంబరపడే ఓనర్లు చాలామంది ఉన్నారు. గీత పెరగడం తగ్గడం కన్నా ప్రమాదం. ఆ బండికి కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా ఆయిల్ మార్చేయాలి. పలచబడే గుణం ఎలాగూ తప్పనప్పుడు కాస్త చిక్కటి ఆయిల్‌తో మొదలుపెడితే ఇంజన్‌కి కొంత వెసులుబాటు. అందుకే పుస్తకం ఒప్పుకుంటే మా బండికి సీకే-4 15డబ్ల్యూ-40నే అని తేల్చుకున్నాం. హైవే మీద సగం లోడుతో దూరాలు వెళ్ళే బండికి సీ3 5డబ్ల్యూ-30 పోస్తే మైలేజీ కొద్దిగా కలిసొస్తుంది, వాళ్ళని కాదనను.

బ్రాండు గురించి ఎక్కువ అడుగుతారు గానీ నేను తక్కువే చెబుతాను. సర్వో, క్యాస్ట్రాల్, షెల్, గల్ఫ్, మ్యాక్, ఏదైనా గ్రేడు సరిగ్గా ఉంటే చాలు. వారంటీ ఉన్నన్నాళ్ళు కంపెనీ డబ్బానే పోయించి బిల్లులు దాచుకోవడం మంచిది. ఎఫ్ఏ-4 అనే పలచటి డీజిల్ ఆయిల్ గ్రేడు ఎక్కడైనా కనిపిస్తే పుస్తకంలో ఉంటే తప్ప ముట్టుకోవద్దు. ఆయిల్లో కలిపే సీసా మందులు అక్కర్లేదు. పెట్రోలు, సీఎన్‌జీ పికప్‌లకి ఈ లెక్కలేవీ వర్తించవు. లూజ్ ఆయిల్ ఏ బండికీ వద్దు.

డబ్బా కొన్నాక సీలు మీ కళ్ళముందే తెంపించండి. మూత కింద రింగు ఊడి ఉన్నా, బ్యాచ్ నంబరు చెరిపినట్టున్నా వెనక్కిచ్చేయండి. ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చిల్లు పెట్టించి గానీ షెడ్డు వదలకండి, లేకపోతే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ నిండి ఇంకొకరి బండికి చేరుతుంది. బిల్లు మీద బ్రాండు పేరొక్కటే సరిపోదు, "సీకే-4" అని గ్రేడు కూడా రాయించుకోండి. అదే గ్రేడులో ఇంకో లీటరు డబ్బా కొని సీటు వెనక పడేసుకుంటే, దారిలో గీత తగ్గినప్పుడు ఏ ఊళ్ళో ఏది దొరికితే అది పోయాల్సిన పని ఉండదు.