నాన్న గది గోడ మీద ఒంగోలు గిత్తలు: చిల్లుల కాగితంతో దింపిన బొమ్మ, ఇన్నేళ్ల తర్వాత

గోడ మీద పెద్ద బొమ్మ వేయడంలో అసలు కష్టం రంగులది కాదు, గీత దింపడానిది. 2019 వేసవిలో ఒంగోలులో మా ఇంట్లో నాన్న పడుకునే గదిలో ఏడడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తున గిత్తల జత వేశాను. గీతలు దింపడానికి వాడింది మగ్గం వర్క్‌లో బ్లౌజు మీద డిజైన్ వేసే పద్ధతే. కాగితం మీద గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, పైనుంచి పొడి అద్దడం. నాకు మగ్గం వర్క్ షాపు ఉంది కాబట్టి పద్ధతి పాతదే, గోడే కొత్త. ఇన్నేళ్లు ఆ గోడని చూశాక దాని మంచీ చెడూ ధైర్యంగా చెప్పగలను.

మా ఊళ్లో గిత్త బొమ్మ వేయడం మాటలు కాదు. మూపురం ఎత్తు, కొమ్ముల పొట్టితనం, నల్ల ముట్టె, కంటి చుట్టూ కాటుక దిద్దినట్టుండే నల్లటి అంచు, తోక చివర నల్లకుచ్చు, ఇవన్నీ చూడగానే లెక్కపెట్టే మనుషులు ఇంటికొస్తుంటారు. అందరికన్నా ముందు నాన్న. టౌనుకి వచ్చేదాకా పశువుల మధ్యే బతికిన మనిషి. కాగితం మీద మొదటి గీతలు చూసి, "అమ్మాయ్, గంగడోలు బొడ్డుదాకా సాగాలి. మడతలు కనపడాలి" అన్నారు. గంగడోలంటే మెడ కింద వేలాడే తోలు. ఆయన సరేనన్నాకే సూది పట్టుకున్నాను. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. దిద్దుబాట్లన్నీ బల్ల మీదే అయిపోతాయి, గోడ దాకా రావు.

బొమ్మని ప్రొజెక్టర్‌తో గోడ మీద పడేలా చేసి దాని వెంబడి గీయొచ్చు కదా అని ఇప్పుడందరూ ముందు అడుగుతారు. పిల్లల గదిలో దాంతోనూ వేశాం, చిన్న బొమ్మకి హాయిగా ఉంది. పెద్ద బొమ్మకి వచ్చే చిక్కు దూరం. మామూలు ఎల్‌ఈడీ ప్రొజెక్టర్‌ని బొమ్మ వెడల్పుకి దాదాపు ఒకటిన్నర రెట్లు వెనక పెట్టాలి. ఏడడుగుల బొమ్మకి పదడుగుల పైనే కావాలన్నమాట. మంచం, బీరువా ఉన్న గదిలో అంత ఖాళీ ఎక్కడిది? ఎదురుగా సమంగా పెట్టే వీల్లేక కింద నుంచి పైకి వంచితే బొమ్మ పైభాగం వెడల్పవుతుంది. మూపురం ఉబ్బుతుంది, కాళ్లు దగ్గరవుతాయి. ఆ వంకరని సరిచేసే కీస్టోన్ అనే సెట్టింగ్ వాడితే కొంత కుదురుతుంది గానీ, గీస్తున్నప్పుడు మన నీడ మన గీత మీదే పడుతుంది. మధ్యలో ఎవరి కాలో తగిలి ప్రొజెక్టర్ జరిగితే ఆ చోటు మళ్లీ దొరకదు.

కార్బన్ పేపర్ మాత్రం లేత రంగు గోడకి వద్దనే అంటాను. మా షాపు గోడ మీద పెయింటర్ దానితోనే వేశాడు. అందులో ఉండే మైనం వల్ల గీత రబ్బరుతో పోలేదు, తెల్ల రంగు వేసిన చోట నీలం పైకి కనపడుతూనే ఉంది. తెల్లని గిత్తకి అది అస్సలు పనికిరాదు. చిన్న బొమ్మ అయితే కాగితం వెనక పెన్సిల్ రుద్ది దింపుకోవచ్చు.

ఇక చిల్లుల కాగితం. నేను గీసిన బొమ్మని ఇంటి ప్లాన్లు ప్రింటు తీసే షాపులో పెద్దది చేయించి నాలుగు ఎ0 కాగితాల మీద తీయించాను. ఒక్కోటి 841 × 1189 మిల్లీమీటర్లు కాబట్టి అడ్డంగా రెండు, నిలువుగా రెండు పెడితే అతుకులకి కూడా చోటు మిగిలింది. చిల్లుల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. కాగితం కింద దుప్పటి మడత వేసుకుని పొడవాలి. పొడిచాక వెనక లేచిన గరుకుని సన్నటి ఉప్పుకాగితంతో రుద్దేయాలి. లేకపోతే చిల్లులు మూసుకుపోయి పొడి దిగదు.

బ్లౌజుకైతే కిరోసిన్‌లో కలిపిన పొడితో తుడుస్తాం. గోడకి కిరోసిన్ తగలనివ్వకూడదు, మరక పడి రంగు సరిగా పట్టదు. బట్టల నీలం కూడా వద్దు, పై రంగులోకి ఊరుతుంది. ఇస్త్రీ బొగ్గుల్ని మెత్తగా నూరి, పల్చని గుడ్డలో మూట కట్టి, గీత వెంబడి మెల్లగా అద్దాను. ముదురు రంగు గోడకైతే బలపం పొడి చేసుకుంటే సరిపోతుంది, తడిగుడ్డతో పోతుంది. కాగితం తీయగానే చుక్కలన్నీ పెన్సిల్‌తో కలిపేయాలి. ఈలోగా ఎవరైనా ఫ్యాన్ వేస్తే అంతే సంగతులు.

గోడకి మెరుపు లేని మాట్ ఎమల్షన్ రంగు ఉంటే పొడి చక్కగా నిలుస్తుంది. నున్నగా మెరిసే ఎనామిల్ రంగు మీద జారిపోతుంది, సున్నం గోడ మీద సున్నమే కాగితానికి అంటుకుని వస్తుంది.

మా వైపు గాలిలో తేమ ఎక్కువ. ట్రేసింగ్ పేపర్ తేమకి సాగుతుంది, ముడతలు పడుతుంది. రెండు కాగితాలు కలిసే చోట గీతలు ఎడం అవుతాయి. అందుకే ప్లాన్ ప్రింట్లు వాడాను. ఓపిక ఉంటే పాలిస్టర్ ఫిల్మ్ షీట్ ఇంకా మేలు. కాగితాలు ఎక్కడ పెట్టాలో నీళ్లు నింపిన లెవల్ పైపుతో చూసుకుని, నాలుగు మూలలా గోడ మీద చిన్న పెన్సిల్ ప్లస్ గుర్తులు పెట్టాను. వాటిమీద రంగు పడనివ్వలేదు.

ఆ గుర్తుల విలువ 2023 డిసెంబరులో తెలిసింది. మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో మా బయటి గోడ విపరీతంగా నానింది. నేల నుంచి మూడడుగుల దాకా చెమ్మెక్కి, పుట్టీ పొంగి, గిత్తల గిట్టలూ మోకాళ్లూ పొరలు పొరలుగా రాలాయి. నాన్న పైకి ఏమీ అనలేదు గానీ, నాకు మనసు ఒప్పలేదు. వేసవి దాకా ఆగి, గోడ పూర్తిగా ఆరాక గీకించి, పుట్టీ, ప్రైమర్ వేయించి, పీవీసీ పైపులో చుట్టి దాచిన అవే కాగితాలు తీశాను. పై రెండు ప్లస్ గుర్తులకి కలిపి, కింది కాగితాలు వాటికి అతికించి పొడి అద్దితే కాళ్లు పాత తొడలకి గీత తేడా లేకుండా కలిశాయి. ఆ రోజు నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. ప్రొజెక్టర్‌తో వేసిన బొమ్మకి ఈ మరమ్మతు ఎలా చేస్తారో నాకు తెలియదు.

చెడు కూడా చెప్పాలి. చిల్లులు పొడవడం చాలా ఓపిక పని, మెడ పట్టేస్తుంది. దర్జీలు వాడే పళ్లచక్రంతో పొడవాటి గీతలు త్వరగా అవుతాయి గానీ కన్ను, ముట్టె దగ్గర సూదే కావాలి. బొగ్గు పొడి గదంతా పరుచుకుంటుంది. పరుపు బయట పెట్టాలి, మాస్క్ కట్టుకోవాలి. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లని ఆ పనైపోయేదాకా వేరే గదిలో పడుకోబెట్టాలి. నాన్నని హాల్లోకి మార్చాం. గళ్లు, చారల్లాంటి డిజైన్‌కైతే ఇంత శ్రమ అనవసరం. స్కేలు, టేపు చాలు. గోడకి ముందే చెమ్మ ఉంటే దాని సంగతి చూశాకే బొమ్మ మాట.

ఈ మధ్య అవే కాగితాలు కందుకూరులో మా అన్నయ్య ఇంటికి వెళ్లాయి. అక్కడ తలుపు రెండో పక్కన ఉంది, గిత్తలు అటు తిరిగి చూడాలి. కాగితాల మీద మిగిలిన బొగ్గుని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, వెనక్కి తిప్పి, కుడి ఎడమలు మార్చి అతికించాం. అవే చిల్లులు, బొమ్మ మాత్రం అటువైపు తిరిగి దిగింది.