ఆ ఈటీఏని నమ్మి వైజాగ్ వెళ్లాం

మా అబ్బాయి మర్చంట్ నేవీలో చేరినప్పటి నుంచి, అంటే మూడేళ్లకు పైగా, ఈ షిప్పు ట్రాకింగ్ యాప్ నా ఫోన్లో ఉంది. మ్యాపు, ఫొటోలు, స్పీడు సంగతి అందరికీ తెలిసిందే. నా గొడవంతా ఈటీఏ (షిప్పు చేరే అంచనా టైము) అని చూపించే ఆ ఒక్క గడితోనే.

కిందటేడు వాడి షిప్పు దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బేలో బొగ్గు ఎక్కించుకుని వైజాగ్ బయల్దేరింది. ఆఫ్రికా తీరం వదిలాక మ్యాపు మీద చుక్క కదలడం మానేసింది. "నాలుగు రోజులుగా అక్కడే ఉందేంటండీ?" అని మా ఆవిడ ఒకటే టెన్షన్. షిప్పు ఎక్కడుందో చెప్పే ఏఐఎస్ అనే పరికరం పంపేది వీహెచ్ఎఫ్ రేడియో సిగ్నల్. ఒడ్డునున్న రిసీవర్లకి అది కొన్ని పదుల కిలోమీటర్ల వరకే అందుతుంది. నడిసముద్రంలో శాటిలైటే దిక్కు, దానికి వేరే డబ్బులు. ఒక నెలకి కట్టాను. చుక్క కదిలింది, ఆవిడ అన్నం తింది. ఇక్కడి దాకా యాప్ తప్పేం లేదు.

శ్రీలంక దాటాక ఈటీఏ గురువారం 02:00 అని చూపించింది. అది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, మనకి ఉదయం ఏడున్నర. ఆవకాయ జాడీ, సున్నుండల డబ్బా పట్టుకుని బుధవారం సోంపేటలో రైలెక్కాం. షిప్పు చెప్పిన టైముకే వచ్చింది. వచ్చి, ఔటర్ యాంకరేజ్‌లో, అంటే పోర్టు బయట షిప్పులు ఆగే చోట, లంగరేసింది. లోపల షిప్పుని కట్టే చోటు, అదే బెర్తు, ఖాళీ లేదట! ఆ గడిలో టైము షిప్పులో ఆఫీసరు చేత్తో కొట్టేది. పోర్టు బయటికి చేరే టైమే గానీ లోపల బెర్తుకి కట్టే టైము కాదు. ఇదంతా తర్వాత మావాడు చెప్తే తెలిసింది.

ఆరు రోజులు లాడ్జిలోనే. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో కూర్చుంటే సముద్రం మీద దీపాలు. వాటిలో మనది ఏదో యాప్ చూపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎడమ నుంచి మూడోది. ఫోన్ చేస్తే "అమ్మా, నాకు బీచ్ లైట్లు కనిపిస్తున్నాయి" అన్నాడు. ఏడో రోజు పోర్టు గేటు దగ్గర ఇరవై నిమిషాలు కలిశాం. సున్నుండలు అప్పటికి సగమే మిగిలాయి, అది వేరే విషయం.

ఇదివరకు తెలిసినవాళ్లందరికీ కళ్లు మూసుకుని డబ్బులు కట్టేయమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. తీరం వెంట తిరిగే షిప్పులైతే ఫ్రీది చాలు. మావాడి కొత్త షిప్పులో వైఫై ఉంది, రోజూ వాట్సాప్‌లో "బాగున్నా" అని పెడుతున్నాడు, కాబట్టి నాకైతే పెద్దగా అవసరం పడట్లేదు. ఆవిడకి మాత్రం మెసేజ్ చూశాక కూడా చుక్క చూడాల్సిందే. ఈ నెల మళ్లీ కట్టాను.