కడక్‌నాథ్: గుడ్డు పెడుతుంది, పొదగమంటే లేచిపోతుంది

కడక్‌నాథ్ కోడి మాంసం నలుపు, ఎముక నలుపు, రేటు ఎక్కువ. ఇవన్నీ అందరికీ తెలిసినవే. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు, లేత గోధుమరంగు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు కాబట్టి ఈ ఒక్కటీ చెప్పేస్తున్నా. గుంటూరులో మా పెరట్లో కొన్నేళ్లుగా పెంచుతున్నాను. వీటి మీద నాకున్న కోపమల్లా గుడ్లు పొదగడం దగ్గరే.

గుడ్లకేం లోటు లేదు. కానీ నాటు పెట్ట అయితే ఈకలు ఉబ్బించుకుని గంపలో కదలకుండా కూర్చుంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. కడక్‌నాథ్‌లో ఆ గుణం తక్కువ, జాతి లక్షణమే అంత. వనరాజా అనే పెరటి కోళ్లు పెంచినవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది.

ఓసారి ఎలాగో ఒక పెట్ట పొదుగుకొచ్చింది. ఇంట్లో అందరికీ సంబరం. వారం దాటాక రాత్రిపూట ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి సన్న నరాలు, మధ్యలో కదులుతున్న చుక్క. ఇక 21వ రోజు కోసం ఎదురుచూడటమే అనుకున్నాం. మూడో వారంలో ఒక మధ్యాహ్నం చూస్తే ఆ మహాతల్లి కరివేపాకు చెట్టు కింద హాయిగా మట్టిస్నానం చేస్తోంది. గుడ్లు చల్లబడిపోయాయి. పట్టుకెళ్లి గంపలో కూర్చోబెడితే లేచి వచ్చేసింది, మళ్లీ పెడితే మళ్లీ వచ్చేసింది. తర్వాత గుడ్లు పగలగొట్టి చూస్తే లోపల నూగుతో సహా తయారైన పిల్లలు. ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు.

పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "దానికి పెట్టడమే తెలుసు బాబూ, కూర్చోవడం చేతకాదు. మా డేగ పెట్ట పొదుగు మీదుంది, తీసుకెళ్లు" అన్నారు. డేగ అంటే ఎర్ర రంగు కోడి, జాతి అసిల్. పందెం జాతిది ఏం పొదుగుతుందిలే అనుకున్నాను. పిన్నిగారే గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, ఓ ఎండుమిరపకాయ వేసి, చీకటి పడ్డాక పెట్టను కూర్చోబెట్టారు. మేకు మహిమ సంగతి నాకు తెలీదు కానీ, ఆ పెట్ట మేతకూ నీళ్లకూ తప్ప లేవలేదు. బరువుకు ఒకటి రెండు గుడ్లు చితికాయి, మిగతావి దాదాపు అన్నీ పిల్లలయ్యాయి. ఎర్రటి తల్లి వెనక నల్లటి పిల్లలు! కాకి వాలితే ఎగిరి తన్నేది, వీధి పిల్లి మా గోడ ఎక్కడం మానేసింది. ఇప్పుడు మా ఇంట్లో కడక్‌నాథ్‌ల కంటే ఆ డేగకే మర్యాద ఎక్కువ. కాకపోతే పిల్లలున్నంత కాలం దాన్ని విడిగా ఉంచాలి, పక్క పెట్టలను చీల్చి పెడుతుంది.

ఇంకో మాట. కడక్‌నాథ్ మన ఎండలకు బాగా తట్టుకుంటుందని మొదట్లో కనపడినవాళ్లందరికీ చెప్పాను. తట్టుకుంటుంది, చెట్టు నీడా చల్లటి నీళ్లూ ఉంటే. రోహిణి కార్తెలో మావి రెక్కలు దించుకుని, నోరు తెరిచి రొప్పాయి, గుడ్లు కూడా బాగా తగ్గాయి. రోగాలు రావన్న మాటనూ పట్టుకుని కూర్చోకండి. కొక్కెర తెగులు టీకా నేను ఏ విడతకూ మానలేదు.

తీసుకోవచ్చా అంటే, గుడ్లకూ కూరకూ అయితే తీసుకోండి. కొనేటప్పుడు తురాయి, నాలుక చూడండి, ఎర్రగా ఉంటే సంకరం అయ్యుండొచ్చు. పిల్లలు తీయించాలనుంటే మాత్రం ముందు ఒక అసిల్ పెట్టనో, మామూలు నాటు పెట్టనో చూసుకోండి. నాకు పెరడుంది, గోడ అవతల పిన్నిగారున్నారు, అందుకే సాగుతోంది. డాబా మీద పెంచేవాళ్లకు ఇంక్యుబేటరే దిక్కు, కరెంటు పోతే టెన్షన్ ఎలాగూ తప్పదు. పిన్నిగారితో మా ఒప్పందం విడతకు రెండు పిల్లలు. ఈసారి రెండూ పెట్టలే కావాలంటున్నారు.